ఏంజెల్ చేపలు – చార్జి అప్పగింత



విశ్రాంత జీవితంలో వ్యాపకం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నాకు తెలిసిన వ్యాపకం ఏంజెల్ చేపల పెంపకం.

వీటి పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ నది. పలకలాంటి పలచని ఒళ్లు, తెరచాపల్లాంటి రెక్కలు, వెండి ఒంటిపై నల్లని నిలువు చారలు. నీటిమొక్కల మధ్య దాగడానికి ఆ చారలు పనికొస్తాయి. నలుపు, బంగారు రంగులవి మనుషులు పెంపకంలో తీసిన రకాలు. చెన్నైలోని కొళత్తూరు ఇలాంటి రంగు చేపల పెంపకానికి పేరుపడ్డ చోటు.

మనవడి పుట్టినరోజుకు తెచ్చిన చేపలు వారంలోనే చచ్చిపోయాయని చాలామంది అంటారు. లోపం చేపలో కాదు, నీటిలో ఉంటుంది. చేప విసర్జించే అమ్మోనియా చేపకే విషం. దాన్ని అంతగా హాని చేయనిదిగా మార్చే సూక్ష్మజీవులు కొత్త తొట్టెలో కుదురుకోవడానికి నెల, నెలన్నర పడుతుంది. ఇన్‌వర్డు టపా వచ్చిపడుతుంటే సీటులో గుమాస్తా లేనట్టన్నమాట! అందుచేత మొదట ఒకటి రెండు చేపలే వేయాలి, మేత చిటికెడే వేయాలి. తొట్టె కుదురుకున్నాక వారానికోసారి నాలుగో వంతు నీరు మారిస్తే చాలు. మొత్తం పారబోసి కడిగితే ఆ గుమాస్తాలను మనమే పంపేసినట్టు. ఫిల్టరు స్పాంజిని కూడా కుళాయి కింద కాక, తొట్టెలోంచి తీసిన నీటిలోనే పిండాలి. కొత్తగా పోసే నీటిలో క్లోరిన్ ఉండకూడదు. అది విరగడానికి దుకాణంలో చుక్కల మందు దొరుకుతుంది.

మన రామగుండం ఎండల సంగతి మీకు తెలిసిందే. ఈ చేపలకు 24 నుంచి 28 డిగ్రీల నీరు సుఖం. నీరు వేడెక్కిన కొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. వేసవిలో తొట్టెను కిటికీకి దూరంగా పెట్టి, గాలి మోటారు ఆపకుండా నడపాలి. మూత తీసి వల కప్పి ఫ్యాను గాలి తగిలేలా చేస్తే నీరు కొంత చల్లబడుతుంది. చలికాలం రాత్రుల్లో హీటరు కావాలి.

జత కుదిరిన ఏంజెల్ చేపలు ఆకుపై గుడ్లు పెట్టి, ఆడా మగా ఇద్దరూ కాపలా కాస్తాయి, రెక్కలతో విసురుతాయి. రెండు మూడు రోజుల్లో పిల్లలవుతాయి. చూడముచ్చటగా ఉంటుంది.

బాగా చూసుకుంటే ఈ చేప పదేళ్ల దాకా బతుకుతుంది. "డెబ్బై దాటినవాళ్లం, పదేళ్ల ప్రాణిని ఇంటికి తేవచ్చునా?" అని మా ఇంటావిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. తేవచ్చు గాని, మన ఒక్కరి చేతిలోనే ఉంచుకోకూడదన్నది నా అభిప్రాయం. నీరు మార్చిన తేదీ, వేసిన మేత ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. మనవరాలికో, పక్కింటి పిల్లవాడికో పక్కన నిలబెట్టుకుని పని నేర్పండి. ఉద్యోగంలో చార్జి చివరి రోజున అప్పగించాం. ఇక్కడ చివరి రోజు ఎప్పుడో తెలియదు గనుక, మొదటి రోజు నుంచే అప్పగిస్తూ ఉండాలి.