శక్కర్‌నగర్ లెక్క ఎవరు రాయాలె?

(సిరికొండలో విద్యార్థులు, ఉద్యోగుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



సిరికొండలో నిలబడి బోధన్ ముచ్చట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మన గుట్టల దిక్కు నిజాంసాగర్ కాలువ రాదు. కానీ ఉద్యమ కాలంలో ఈ జిల్లాలో ఏ ఊర్లో మైకు పట్టుకున్నా మనం ముందుగా తీసిన పేరు నిజాం షుగర్స్‌దే. సకల జనుల సమ్మెలో మన పంతుళ్లు, గుమస్తాలు జీతాలు వదులుకొని రోడ్డెక్కిన 42 రోజుల్లో కూడా ఆ పేరు వినబడ్డది. ఫ్యాక్టరీ గురించి ఎన్నో సభల్లో విన్నారు. ఇవాళ దాని చుట్టూ పుట్టిన బస్తీ గురించి, శక్కర్‌నగర్ గురించి మాట్లాడుకుందాం.

బోధన్ పాత పట్నం. అశ్మక జనపదానికి రాజధాని అయిన పోదన ఇదేనని చరిత్రకారులు చెప్తారు. ఆ పట్నం పక్కన 20వ శతాబ్దంలో లేచిన పేట శక్కర్‌నగర్. 1923లో మంజీర మీద నిజాంసాగర్ పని మొదలై 1931లో పూర్తయింది. నీళ్లొచ్చినయి, నీళ్ల వెంట చెరుకు వచ్చింది, చెరుకు వెంట 1937లో ఫ్యాక్టరీ వచ్చింది. ఆసియాలోనే పెద్దదని పేరు మోసింది. ఆ తర్వాతనే క్వార్టర్లు, బడి, దవాఖాన. తెలుగు, ఉర్దూ, మరాఠీ మాట్లాడే ఇండ్లు ఒకే వాడలో కలిసి బతికినయి.

ఈ వరుస గుర్తుంచుకోండి. నీళ్లు, పంట, పని, ఆఖరున ఇల్లు. పాత పేటల పునరుద్ధరణ పేరుతో మన దగ్గర వచ్చే ప్లాన్లు మాత్రం ఆఖరి నుంచి మొదలుపెడతాయి. స్వాగత తోరణం, రంగుల లైట్లు, ఫోటో దిగడానికి ఒక గద్దె. అక్కడి మనిషి పొద్దున లేచి ఏ పనికి పోతడో ఆ కాగితాల్లో ఉండదు.

శక్కర్‌నగర్ వయసు మీదపడి పాడుపడలేదు, పని పోయి పాడుపడ్డది. 2002లో చంద్రబాబు సర్కారు 51 శాతం వాటాను ప్రైవేటుకు అప్పజెప్పింది. తర్వాత శాసనసభా సంఘం వేశారు, అది నివేదిక కూడా ఇచ్చింది. 2014లో మన రాష్ట్రం మనకు వచ్చింది. ఫ్యాక్టరీని మళ్లీ సర్కారు చేతిలోకి తెస్తామన్న మాట ఎన్నికల్లో విన్నాం. 2015 డిసెంబర్‌లో లే-ఆఫ్ నోటీసు గేటుకు అంటుకున్నది. బోధన్‌తో పాటు ముత్యంపేట, మంబోజిపల్లి గేట్లు కూడా మూతపడ్డయి. హైదరాబాద్ వారసత్వ కట్టడాలకు అండగా ఉన్న 13వ నిబంధనను ఎత్తేసింది కూడా ఆ నెలలోనే! వలస పాలకులను నిలదీసిన నోటితోనే మన పాలకులనూ అడగాలె, అడుగుతున్నాం.

2019లో కంపెనీ లా ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కు ఆదేశించింది. 2024 జనవరిలో కొత్త సర్కారు పునరుద్ధరణ కమిటీ వేసింది. కమిటీలు మనకు కొత్త కాదు. మన భయం జాగ గురించి. బకాయిల లెక్క తేలేలోపు జాగకు ధర కట్టేవాళ్లు తయారవుతారు.

బొంబాయిలో ఇది జరిగింది. మన జిల్లా పద్మశాలీలకు బొంబాయి పరాయి ఊరు కాదు. కామాఠిపురా అనే పేరే నిజాం రాజ్యం నుంచి పోయిన మన కూలీలను బట్టి వచ్చింది. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో దాదాపు రెండున్నర లక్షల మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. ఆ తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డయి. మిల్లు జాగలు అమ్మితే మూడోవంతు ఊరికి మైదానాలుగా, మూడోవంతు పేదల ఇండ్లకు, మూడోవంతు యజమానికి అని 1991లో నియమం పెట్టారు. బాగానే ఉన్నదనిపిస్తది. 2001లో దాన్ని సవరించారు. పంచాల్సింది మొత్తం జాగను కాదు, ఖాళీగా ఉన్న జాగను మాత్రమే అన్నారు. మిల్లుల్లో ఖాళీ జాగ ఎంత ఉంటది? షెడ్లే కదా ఎక్కువ! ఊరి వాటా, పేదల వాటా కుంచించుకుపోయినయి. 2006లో సుప్రీంకోర్టు కూడా ఆ సవరణనే సమర్థించింది. ఇవాళ ఆ మిల్లుల్లో కొన్ని మాల్స్, కొన్ని అద్దాల మేడలు. చిమ్నీలు మాత్రం అక్కడక్కడ ఉంచారు, వారసత్వమని.

కాబట్టి శక్కర్‌నగర్ ప్లాన్ మీద ఎవరు ఏ కాగితం తెచ్చినా ముందు చూడాల్సింది బొమ్మలు కాదు, నిర్వచనాలు. 'ఖాళీ' అంటే ఏది? 'నివాసి' అంటే ఎవరు? రిటైరైనా బకాయిల కోసం క్వార్టర్‌లోనే ఉండిపోయిన కార్మికుడు నివాసా, ఆక్రమణదారుడా?

ఇక్కడ ఉద్యోగ మిత్రులు సాయపడాలె. 2016 నాటి దివాలా చట్టం సెక్షన్ 53 ప్రకారం, లిక్విడేషన్‌కు ముందు 24 నెలల కార్మికుల బకాయిలు తాకట్టు పెట్టుకున్న బ్యాంకులతో సమాన వరుసలో వస్తాయి. పీఎఫ్, గ్రాట్యుటీ సొమ్మును అమ్మే ఆస్తిలో కలపరాదని కూడా అదే చట్టంలో ఉన్నది. అయితే లే-ఆఫ్ 2015 నాటిది, లిక్విడేషన్ 2019 నాటిది. నడుమ గేటు మూసి ఉన్న నెలల జీతం ఏ లెక్కన కడతారన్నది ఒక్కో కార్మికుడికీ ఇల్లు నిలబడే, కూలే ప్రశ్న. చట్టం తెలిసినవాళ్లు ఒక ఆదివారం బోధన్‌లో కూర్చుంటే చాలామందికి దారి దొరుకుతది.

ఫ్యాక్టరీ తెరిస్తే అంతా తిరిగి వస్తదా? తేలికగా రాదు. చెరుకు దాదాపు ఏడాది పంట. కోసిన తర్వాత ఒకట్రెండు రోజుల్లో గానుగ పట్టకపోతే తీపి దిగిపోతది. గానుగ ఆడుతదన్న నమ్మకం లేక రైతు వరికి, సోయాకు పోయిండు. చెరుకు లేదు కనుక ఫ్యాక్టరీ దండుగ అని అధికారి, ఫ్యాక్టరీ లేదు కనుక చెరుకు దండుగ అని రైతు. ఈ ముడి విప్పాల్సింది సర్కారే. మూడు నాలుగేండ్లకు ధర, గానుగ రెండింటికీ రాతపూర్వక హామీ ఇచ్చి ముందు నాట్లు వేయించాలె. పాత సైజులోనే నడపాలని మేం పట్టుబట్టం. చిన్న యూనిట్ అయినా సరే. 2025 జనవరిలో నిజామాబాద్‌లో పసుపు బోర్డు మొదలైంది. పసుపు ఉడకబెట్టి, పాలిష్ పట్టి, పొడి కొట్టే పనిలో కొంత ఆ పాత గోదాముల్లోకి రావచ్చు. అప్పుడు సిరికొండ దిక్కు పసుపు రైతుకు కూడా శక్కర్‌నగర్‌తో బంధం కలుస్తది.

బడి, దవాఖాన ముందు బాగుపడాలె. రంగులు ఆ తర్వాత. ప్లాన్ ముసాయిదా తెలుగులో, ఉర్దూలో అచ్చువేసి, అమ్మకం మాట ఎత్తకముందే వార్డు సభలో చదివి వినిపించాలె.

మీ ఇండ్లల్లో ఆ ఫ్యాక్టరీలో పనిచేసిన తాతలు, తండ్రులు, మేనమామలు ఉంటే సందుగలు వెతకండి. జీతం చిట్టీలు, క్వార్టర్ ఇచ్చిన కాగితం, చెరుకు తోలిన రసీదు, ఏది దొరికినా పట్టుకురండి. మేం నకలు తీసుకొని అసలు మీ చేతికే ఇస్తం. విద్యార్థి మిత్రులు నలుగురు ముందుకొస్తే వచ్చే వారం నుంచే బోధన్‌లో ఇల్లిల్లు తిరిగి లెక్క రాయడం మొదలుపెడదాం. పేర్లు ఇప్పుడే, ఈ బల్ల దగ్గర ఇవ్వండి.