పులుపు పోగొట్టేది వాసననే!



సముద్రపు చేప యింట్లోకి వస్తే నీచు వాసన. కాస్త చింతపండు పులుసు తగిలితే ఆ వాసన మాయం. యిది మనకెవరికీ కొత్త సంగతి కాదు. నాకు పెళ్లయిన కొత్తలో మా అత్తయ్యగారు నేర్పిన మొదటి పాఠం యిదే. "నీచు పోయిందంటే చేప బాగున్నట్టే" అనేవారావిడ. నేనూ అలాగే నమ్మాను. ఆ నమ్మకం వదలడానికి ఒక రాత్రి కంగారు పడవలసి వచ్చింది.

ఆ రోజు మా ఆడపడుచు పిల్లవాణ్ణి తీసుకుని వచ్చింది. పొద్దున ఎనిమిదింటికి వీధిలోకి వచ్చిన చేపలామె దగ్గర కిలో కానాగంతలు తీసుకున్నాను. నిగనిగలాడుతున్నాయి. మాటల్లో పడి వాటిని శుభ్రం చెయ్యకుండానే గిన్నెలో పెట్టి మూత వేశాను. అసలే ఎండాకాలం. సాయంత్రం నాలుగింటికి గాని వాటి మీద చెయ్యి వెయ్యలేదు. కొంచెం వాసన వేస్తున్నాయి. పులుసు మరికాస్త చిక్కగా పోసి, బాగా మరగబెట్టాను. ఘుమఘుమలాడింది. మెచ్చుకుంటూ తిన్నారు.

అరగంట తిరక్కుండా మా ఆడపడుచు మొహం ఎర్రగా కందిపోయింది. తలనొప్పి, గుండెదడ. "నాలిక మీద మిరియం కొరికినట్టు మండుతోంది వదినా" అంది. పిల్లవాడికి వొళ్లంతా దద్దుర్లు. డాక్టరు గారి దగ్గరికి పరుగెత్తాం. ఆయన మందిచ్చారు, తెల్లారేసరికి యిద్దరూ తేరుకున్నారు. "వాళ్లకు చేప పడదే" అన్నారు అత్తయ్యగారు. నేనేమో చేపలామెను ఆడిపోసుకున్నాను. డాక్టరు గారు మాత్రం ఒక్క ప్రశ్న అడిగారు: "వండేముందు చేప ఎంతసేపు బయట వుంది?" ఎనిమిది గంటలని చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు.

యిందులో వున్న రహస్యమంతా అమీన్లు అనే పదార్థాలది. అమ్మోనియా ఘాటు మీకు తెలుసు గదా. అమ్మోనియాలో ఒక నత్రజని పరమాణువును అంటిపెట్టుకుని మూడు ఉదజని పరమాణువులు వుంటాయి. వాటిలో ఒకదాన్నో, రెంటినో, మూడింటినీనో తీసేసి కర్బన సమూహాలను పెడితే అది అమీన్ అవుతుంది. నీచు వాసనకు కారణమైన ట్రైమిథైలమీన్ అలాంటిదే. సముద్రపు చేపలు ఉప్పునీటికి తట్టుకోవడానికి వొంట్లో వాసన లేని ఒక పదార్థాన్ని దాచుకుంటాయి. చేప చచ్చాక సూక్ష్మజీవులు తమ ఎంజైములతో దాన్ని ట్రైమిథైలమీన్‌గా మారుస్తాయి. మంచినీటి చేపల్లో ఆ పదార్థం చాలా తక్కువ.

మరి చింతపండు చేసే పని ఏమిటి? అమీన్లలోని నత్రజని దగ్గర ఎవరితోనూ పంచుకోని ఎలక్ట్రాన్ల జంట ఒకటి వుంటుంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం, నిమ్మకాయలోని సిట్రిక్ ఆమ్లం తమ ఉదజని అయానును వదిలితే, అమీన్ ఆ జంటతో దాన్ని పట్టేసుకుని లవణంగా మారిపోతుంది. లవణం గాలిలోకి లేవదు. గాలిలోకి లేవంది ముక్కుకు చేరదు. అంతేనండీ! వాసన రాకుండా పోయింది గాని, చేప మళ్లీ తాజా కాలేదు.

అసలు చిక్కు యింకో అమీన్‌తో వస్తుంది. దాని పేరు హిస్టమిన్. కానాగంతలు, తూర, కవళ్లు వంటి చేపల కండలో హిస్టిడిన్ అనే ఎమైనో ఆమ్లం ఎక్కువ. చేపను వెచ్చగా వదిలేస్తే, మొప్పల్లో, పేగుల్లో వున్న కొన్ని సూక్ష్మజీవులు ఒక ఎంజైముతో హిస్టిడిన్ నుంచి బొగ్గుపులుసు వాయువును వూడబెరికేస్తాయి. మిగిలేది హిస్టమిన్. దీనికి నీచు వాసన లేదు. చూపుకు ఆనదు. ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది, ఎంత మరగబెట్టినా, వేయించినా అది చావదు. సూక్ష్మజీవులు చస్తాయి, ఎంజైమూ చస్తుంది, అవి తయారుచేసిన హిస్టమిన్ మాత్రం పులుసులోనే వుంటుంది. ఫ్రీజరులో పెట్టినా, ఎండబెట్టినా అంతే. కాబట్టి చెడిన చేపను ఎండు చేప చేసినంత మాత్రాన మంచిది కాదు.

హిస్టమిన్ మన వొంటికి పరాయిది కాదు. మన కణాలూ దాన్ని తయారుచేస్తాయి. ఏదైనా పడనప్పుడు దద్దుర్లు లేచేది దాని వల్లనే. 1910లో ఇంగ్లండులో డేల్, లైడ్లా అనే శాస్త్రజ్ఞులు రక్తనాళాల మీద దాని ప్రభావాన్ని వివరించారు. చేపతోపాటు అది బయటినుంచి వచ్చినా వొళ్లు అలాగే స్పందిస్తుంది. అందుకే చూసేవాళ్లకు "చేప పడలేదు" అనిపిస్తుంది. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ, కిలో చేపలో హిస్టమిన్ 200 మిల్లీగ్రాములు దాటకూడదని హద్దు పెట్టింది.

తిండిలో వచ్చే కొద్దిపాటి హిస్టమిన్‌ను విరగ్గొట్టడానికి మన పేగుల్లో డైఅమీన్ ఆక్సిడేజ్ అనే ఎంజైము కాపలా వుంటుంది. యిక్కడ ఒక మాట జాగ్రత్తగా వినండి. క్షయవ్యాధికి యిచ్చే ఐసోనియజిడ్ మందు యీ ఎంజైము పనికి అడ్డుపడుతుంది. కాపలావాడి చేతులు కట్టేసినట్టన్నమాట. ఆ మందు వాడేవాళ్లకు తక్కువ హిస్టమిన్ కూడా ఎక్కువ చేస్తుంది. మంచి తిండి పెట్టాలని మనం ప్రేమగా తూర చేప వండిపెడితే, ఆ మనిషి మొహం కంది, దడ పుట్టి, "మందు పడలేదు" అని మాత్రలు మానేసే ప్రమాదముంది. మానవలసింది మందు కాదు. మందు వాడినన్నాళ్లూ తూర, కానాగంతల వంటి చేపలు మానాలి. గుడ్డు, పప్పు పెట్టండి. అనుమానం వస్తే డాక్టరును అడగండి.

మిగిలినవాళ్లం చెయ్యవలసినవి నాలుగే. ఐసు మీద వున్న చేపనే కొనండి. యింటికి రాగానే మొప్పలు, పేగులు తీసి కడగండి. వెంటనే వండనట్లయితే 4 డిగ్రీలకు మించని చల్లదనంలో పెట్టండి, కరెంటు పోయే చోట ఐసులో పెట్టండి. గంటల తరబడి వెచ్చగా వున్న చేపను డబ్బు పోయిందని బాధపడకుండా పారెయ్యండి. తిన్నాక మొహం కందినా, దడ వచ్చినా వెంటనే డాక్టరుకు చూపించి, ఏ చేప తిన్నారో, ఎంతసేపు బయట వుందో దాచకుండా చెప్పండి.

తరువాతి వారం చేపలామె వచ్చినప్పుడు జరిగింది చెప్పి, నిన్ను తిట్టుకున్నానమ్మా అన్నాను. ఆవిడ తట్ట దించి నవ్వింది. "పొద్దున్నే తెమ్మంటారు, పొద్దుగూకి వండుతారు. మాటొచ్చేది మాకు గదమ్మా" అంది.

ఆ రోజు నుంచి మా యింట్లో చేప వచ్చాకే మాటలు ఆగుతాయి, శుభ్రం చెయ్యడం అయ్యాకే మొదలవుతాయి.