నీళ్ల లెక్క ఎవరి చేతిలో?



నీటి పరీక్ష అనగానే నాకు ఒక చిన్న గాజు గొట్టం గుర్తొస్తుంది. 2009లో పరిశోధన కోసం నల్లగొండ జిల్లాలోని ఒక ఊరికి పరీక్ష పెట్టె పట్టుకెళ్లాను. బోరింగు నీళ్లలో మందు చుక్కలు వేస్తే గులాబీ రంగు పసుపుకు తిరిగింది. రంగుల పట్టీతో పోల్చి, ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందని రాసుకున్నాను. మన జాతీయ ప్రమాణం 1 మిల్లీగ్రామే. వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు.

పక్కనే బిందెతో నిలబడ్డ ఒకామె అంది: "గిది మాకెరుకే గదమ్మా. పిల్లల పండ్లు చూస్తే తెలుస్తలేదా? మరి ఏ నీళ్లు తాగాలె?"

నా దగ్గర జవాబు లేదు. కాచి తాగమనడానికీ లేదు, కాస్తే ఫ్లోరైడు పోదు. ఆ లెక్క నా సిద్ధాంత గ్రంథంలో చేరింది గానీ ఆమె చేతికి చేరలేదు.

ఊళ్లోనే చేసుకునే పరీక్షలు మనకు లేకపోలేదు. మలం కలిసిన నీటిని పట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ సీసానే తీసుకోండి. గీత దాకా నీళ్లు పోసి వెచ్చని చోట ఒకటి రెండు రోజులు ఉంచితే, చెడ్డ నీళ్లు నల్లబడతాయి. కరెంటు అక్కర్లేదు. ఇది హెచ్చరికే, తుది తీర్పు కాదు. ప్రయోగశాలలో మళ్లీ చూడాల్సిందే.

2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ ప్రతి ఊళ్లో అయిదుగురు స్త్రీలకు ఈ పరీక్షలు నేర్పాలంది. మంచిదే. కానీ నీళ్లు మోసే చాకిరీకి నీళ్లు పరీక్షించే చాకిరీ తోడైతే అది హక్కు ఎలా అవుతుంది?

అందుకే పరికరం తయారుచేసేటప్పుడే కొన్ని విషయాలు పట్టుబట్టి అడగాలి. సూచనలు తెలుగులో, బొమ్మలతో ఉండాలి. మందు గడువు తేదీ కొట్టొచ్చినట్టు కనపడాలి. రంగుల పట్టీ ఎండకు వెలవకూడదు. పరీక్షించే స్త్రీకి కూలి కట్టాలి. ఫలితాల పుస్తకం ఆమె దగ్గరే ఉండాలి, దాన్ని గ్రామసభలో చదవాలి. నీళ్లు చెడ్డవని తేలిన రోజునే వేరే నీళ్లు ఇచ్చే బాధ్యత ఎవరిదో ఆ పుస్తకంలో ముందే రాసి ఉండాలి.

2016లో ప్రారంభమైన మిషన్ భగీరథతో నల్లగొండ ఊళ్లకు కృష్ణా నీళ్లు వచ్చాయి. అయినా కుళాయి ఆగిన రోజున బిందె మళ్లీ బోరింగు దగ్గరికే పోతుంది. ఆనాడు ఆమె అడిగిన ప్రశ్న కూడా అక్కడే నిలబడి ఉంటుంది. రంగు చూపించి వచ్చేస్తే మన పని అయిపోదు.