మద్రాసులో విమానం కట్టించిన హోటల్ యజమాని

విమానాల తయారీ అనగానే మనకు బెంగళూరో, హైదరాబాదో గుర్తుకొస్తుంది. కానీ 1910లోనే ఆ పని మద్రాసులో జరిగింది. చేయించినవాడు ఇంజనీరు కాదు, మౌంట్ రోడ్డులో హోటల్ నడిపిన కోర్సికా ద్వీపవాసి జాకొమో డి ఏంజెలిస్!

నమూనా ఆయనది. కట్టిపెట్టింది సింప్సన్ కంపెనీ పనివాళ్లు. గుర్రబ్బగ్గీలు, మోటారు బాడీలు చేసి చెయ్యి తిరిగినవాళ్లు. అప్పట్లో విమానమంటే కొయ్య చట్రం, దానిమీద బిగించిన గుడ్డ, ఓ చిన్న ఇంజన్. బగ్గీల షెడ్డులో విమానం తయారైందంటే మరి వింతేముంది? ఆ ఏడాది మార్చిలో పల్లావరంలో అది గాల్లోకి లేచింది. తర్వాత డి ఏంజెలిస్ టికెట్టు పెట్టి మరీ జనానికి చూపించాడు. ఎంతైనా వ్యాపారి కదా!

నగరానికి విమాన సర్వీసు రావడానికి మాత్రం మరో 22 ఏళ్లు పట్టింది. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అహ్మదాబాదు మీదుగా బొంబాయికి టపా తెచ్చారు. అక్కడ దాన్ని అందుకున్న పైలట్ నెవిల్ విన్సెంట్, బళ్లారిలో ఆగి, మద్రాసు చేర్చారు. ఒంటి ఇంజన్ పుస్ మాత్ విమానం అది.

ఆ టపా సర్వీసే పెరిగి పెరిగి 1946లో ఎయిర్ ఇండియా అయింది.