జీడి ఎర్రపొట్టు, ఇనుప రేణువులు, మన బోరు నీళ్లు



టీ ఆకో, యూకలిప్టస్ ఆకో మరిగించిన కషాయంలో ఇనుప లవణం కలిపితే కంటికి ఆనని నల్లని ఇనుప రేణువులు తయారవుతాయి. సోడియం బోరోహైడ్రైడ్ లాంటి ఘాటు రసాయనం అక్కర్లేదు, ఆకులోని వగరే ఆ పని చేస్తుంది. ఆ వగరు మన జీడిపప్పు మీది ఎర్రపొట్టులోనూ దండిగా ఉంది. పలాసలో పొట్టుకి కొదవా? ఈ రేణువులు నీటిలోని ఆర్సెనిక్‌ని, క్రోమియాన్ని పట్టుకుంటాయి. మంచిదే.

కానీ ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణం ఫలానా అని ఇంకా తేలలేదు. తేలని విషానికి ఫిల్టరు అమ్ముతామని ఎవరొచ్చినా కొనకండి. ముందు ఊరూరా మన బోరు నీళ్లు పరీక్షించి, ఏముందో కాగితం మీద చూపమనండి. వాడేసిన రేణువుల్లో పట్టుబడ్డ విషం ఉంటుంది; దాన్ని ఏ చెరువు గట్టున పారబోస్తారో కూడా అడగండి. ఈలోగా 2023 డిసెంబరులో ప్రారంభించిన పథకం కింద హిరమండలం నీళ్లు ప్రతి కుళాయికీ రోజూ రావాలి. మన డిమాండు అదీ.