ఇంగ్లీషు సంభాషణము – జట్టు అభ్యాసము



ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములలో ఇంగ్లీషు పాఠమును చదివి, ప్రశ్నలకు జవాబులు వ్రాయగల పిల్లలు పెక్కుమంది కలరు. కాని ఉద్యోగమునకై పరాయి ఊరేగి, నలుగురి యెదుట నాలుగు మాటలు పలుకవలసివచ్చినపుడు వారిలో అనేకులకు నోరు పెగలదు. ఇది తెలివికి వచ్చిన కొరత కాదు. అభ్యాసమునకు వచ్చిన కొరత.

లెక్క చూడుడు. తరగతిలో 40 మంది పిల్లలు, పాఠమునకు 40 నిమిషములు అనుకొనుడు. ఉపాధ్యాయుడు తాను పలుకక అందరిచేతను వరుసగా మాటలాడించినను ఒక్కొక్కరికి వచ్చునది ఒక్క నిమిషమే. నలుగురేసి జట్లుగా కూర్చుండబెట్టినచో పది నిమిషములు వచ్చును. ఒడ్డున నిలిచినవానికి ఈత రాదు గదా!

ఈ పద్ధతి మనకు క్రొత్త కాదు. వీధిబడులలో పెద్దపిల్లలు చిన్నవారికి నేర్పుచుండిరి. బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823 నాటి నివేదికలో దీనిని మెచ్చుకొనెను. అంతకు పూర్వమే మద్రాసు అనాథ శరణాలయమున పనిచేసిన ఆండ్రూ బెల్, దేశీయులైన పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, పిల్లలచే పిల్లలకు నేర్పించు ఏర్పాటు చేసి, 1797లో దానిని గ్రంథముగా ప్రకటించెను. ఇంగ్లండులో అది మద్రాసు పద్ధతి యని పేరొందెను.

అయితే జట్టు కట్టినంతనే మాట రాదు. ఒకరికి తెలిసినది వేరొకరికి తెలియకుండవలెను. అప్పుడే అడుగవలసిన అక్కర కలుగును. ఒకరికి ఉదయగిరి దుర్గపు పటమును, వేరొకరికి తెల్లకాగితమును ఇచ్చి, ఇంగ్లీషున చెప్పించి గీయింపుడు. ఉదయగిరి చెక్కచెంచా తయారగు వరుసను ఒకరు చెప్పగా తక్కినవారు ప్రశ్నింపవలెను. ఆత్మకూరు బస్సుస్టాండులో దారి అడుగువారుగా, చెప్పువారుగా ఇద్దరు నటింపవచ్చును.

ఒక ఆక్షేపణ కలదు. 1979-84 నడుమ బెంగుళూరు, మద్రాసు ప్రాంతపు పాఠశాలలలో పనుల ద్వారా ఇంగ్లీషు నేర్పించి చూచిన ఎన్. ఎస్. ప్రభు, పిల్లలు తమలో తామే మాటలాడుకొనినచో తప్పులు పాతుకొనునని జంకెను. ఈ జంకు త్రోసివేయదగినది కాదు. కావున ఉపాధ్యాయుడు మాటలకు అడ్డుపడక, విన్న తప్పులను వ్రాసికొని, చివర ఎవరి పేరును ఎత్తక నల్లబల్లపై దిద్దవలెను. జట్టు పలికించును, గురువు దిద్దును.

ఇందుకు ధనముతో పనిలేదు. గ్రంథాలయమున వారమునకు ఒక సాయంకాలము, ఒక చాప, ఒక నల్లబల్ల, దిద్దగల ఒక పెద్ద చాలును. తప్పు పలికినవారిని చూచి నవ్వరాదనునదే నియమము. పల్లె పిల్లవాని నోటికి పట్టిన తాళము పెక్కుసార్లు ఆ నవ్వే. దానిని తీయుట రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయమునకు తగిన సేవ.