మా యింటి కుంటి బాతు

శ్రోతలారా! పదవి విరమించిన తెలుగు పండితుడు ప్రబంధములనుగూర్చియో ఛందస్సునుగూర్చియో ప్రసంగించునని మీరు తలచియుందురు. నేను నేడొక బాతునుగూర్చి చెప్పదలచితిని. నవ్వదలచినచో నవ్వుడు, కాని తుదివరకు వినుడు.

మాది కొల్లేటి దాపున నున్న పల్లె. వరికోతలైన పిమ్మట బాతులు మేపువారు వందలకొలది బాతులను మళ్లలోనికి తోలుకొనివత్తురు. అవి రాలిన గింజలను, నత్తలను, పురుగులను ఏరి తినుచు ఊరూరు తిరుగుచుండును. ఐదేండ్లక్రిందట అట్టి మందనుండి యొక చిన్నపిల్ల వెనుకబడి, కాలు నిలువక గట్టుమీద కూలబడి యరచుచుండెను. మేపువాడు, "పంతులుగారూ! ఇది మందతో నడవలేదండి. తమరుంచుకుంటే బతుకుద్ది, లేకుంటే కుక్కలపాలే" అనెను. దానిని ఉత్తరీయమున చుట్టి యింటికి తెచ్చితిని.

దయ చూపితినని సంతసించితిని గాని, యెట్లు పెంచవలెనో యెరుగను. నెల దినములు తెల్లని నూకలే పెట్టితిని, గచ్చునేలపై విడిచితిని. కాలు మరింత వంకరపోయెను. అప్పుడు పశువైద్యుని కడకు గొనిపోతిని. ఆయన యిట్లు చెప్పెను: "బాతుపిల్లకు నయాసిన్ అను విటమిన్ కోడిపిల్లకంటె హెచ్చుగా కావలెను. అది చాలనిచో కాళ్లు బలహీనమై వంకరపోవును. తెల్లబియ్యములో నది స్వల్పము. మొదటి దినములలోనే యీస్టుపొడి కలిపి పెట్టియుండిన మేలు కలిగియుండెడిదేమో. ఎముక ముదిరిన పిమ్మట సరికాదు."

ఆ మాట గుండెలో ముల్లై నాటుకొనెను. కుక్కలనుండి కాపాడితిని; నా యజ్ఞానమునుండి కాపాడలేకపోతిని.

నాటినుండి నేర్చుకొంటిమి. గట్టినేల రాపిడికి బాతు అరికాలు పుండై వాచును గనుక వరిగడ్డి పరచి, తడిసినదానిని దినదినము మార్చుచుందుము. తల మునుగునంత లోతుగా నీరు పెట్టుదుము; కన్నులు, ముక్కురంధ్రములు కడుగుకొననిదే బాతు ఆరోగ్యముగ నుండదు. బూజుపట్టిన వేరుసెనగచెక్క దానికి విషము. రెట్టలో రోగక్రిములుండవచ్చును గనుక, ముట్టిన వెంటనే సబ్బుతో చేతులు కడుగుకొందుము.

మా గృహిణి మడి గలది. బాతు వంటయింటి గడప దాటరాదని శాసించెను. అది గడప కడనే కూర్చుండి ఆమె మాటలకు బదులు పలుకుచుండును. పెట్టబాతు గనుక కంఠము పెద్దది. ఒకప్పుడామె జ్వరపడి మంచము పట్టగా, ఆ మూడు దినములును అది వట్టి వంటయింటి గడప కడనే కూర్చుండెను. నాల్గవనాడు ఆమె లేచి, స్నానమునకు ముందు దానిని ఒడిలోనికి తీసికొనెను.

సాయంకాలము గంగాళమున నీరు నింపి విడుతుము. నీరు దాని బరువు మోయును. అప్పుడది కుంటిదని యెవరును చెప్పజాలరు.

"గుడ్లకా, కూరకా, యెందుల కీ చాకిరి?" అని పొరుగువారడుగుదురు. అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రమున బటర్‌కప్ అను బాతు పాదము వెనుకకు తిరిగి పుట్టెను. 2013లో ఆ పాదమును తొలగించి, తోబుట్టువు పాదము ఛాయాచిత్రములనుబట్టి యంత్రముతో అచ్చు సిద్ధపరచి, సిలికాన్ పాదమును పోతపోసి తగిలించిరి. అది నడిచెను. మాకట్టి సాధనములు లేవు. గడ్డియు, నీరును, కొంత యోపికయు కలవు.

ఒక మాట చెప్పి విరమింతును. నేను బడిలో నున్నకాలమున నొక కుంటిబాలుడు రెండుమైళ్లు నడిచి దినమును ఆలస్యముగా వచ్చెడివాడు. నియమము నియమమే యని వానినిగూడ బల్లపై నిలువబెట్టితిని. ఎట్లు వచ్చుచున్నావని యొకనాడైన నడుగలేదు. కొన్ని నెలలకు వాడు బడి మానెను. ఈ బాతు గడ్డిపై తడబడి, లేచి, నా కడకు వచ్చునప్పుడెల్ల వాడు తలపునకు వచ్చును.

మీ యూరి బడికిని అట్టి పిల్లలు వచ్చుచుందురు. మీరు ఊరికి పెద్దలు. వారెట్లు వచ్చుచున్నారో యొకసారి యడుగుడు. సెలవు.